రొయ్యల తొట్టెలో అడుగు చేపలు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

చెర్రీ రొయ్యల (ఇంట్లో పెంచుకునే చిన్న ఎర్ర మంచినీటి రొయ్యల) తొట్టెలో అడుగున తిరిగే చేపల్ని వదలొచ్చా అని అడిగావు. వదలొచ్చు. పెద్ద రొయ్యలకేం కాదు, చిక్కంతా పిల్లల దగ్గరే. అప్పుడే పుట్టిన రొయ్యపిల్ల 2 మిల్లీమీటర్లుంటుంది. నోట్లో పడితే చాలా చేపలు మింగేస్తాయి.

పిల్లలు దక్కాలంటే ఓటోసింక్లస్ అనే చిన్న చేపని మించింది లేదు. పాకుడు గీక్కుని బతుకుతుంది, అందుకే పాకుడు పట్టని కొత్త తొట్టెలో ఆకలితో చస్తుంది. పిగ్మీ కోరిడోరస్ (కోరీల్లో పొట్టి రకం) కూడా పర్వాలేదు, ఆరింటికి తగ్గకుండా తెచ్చుకో. పెద్ద కోరీలూ, పాములా సన్నగా ఉండే కుహ్లీ లోచ్ చేపలూ అయితే కొన్ని పిల్లలు పోతాయని ముందే అనుకో. యోయో, క్లౌన్ లోచ్‌ల జోలికి మాత్రం పోకు. నత్తల్నే పీక్కుతినేవి రొయ్యల్ని వదులుతాయా?

నీ 60 లీటర్ల తొట్టె చాలు. గులకరాళ్ళు తీసేసి 3 సెంటీమీటర్ల మందాన సన్న ఇసుక పరుచు. కోరీ మూతి ఇసుకలో దూర్చి, మేత ఏరుకుని, ఇసుకని మొప్పల్లోంచి వదిలేస్తుంది. మొరటు రాళ్ళమీద దాని మీసాలు దెబ్బతింటాయి. ఒక మూల జావా మాస్ అనే నాచు దట్టంగా పెట్టు, పిల్లలు దాక్కోవడానికి. ఫిల్టర్ గొట్టానికి స్పాంజ్ తొడుగు. వేడి 22–25 డిగ్రీలు, నీళ్ళలో పేరుకునే విషాలు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి.

చేపలు మిగిలిన మేత ఊడ్చుకు తింటాయిలే అనుకోవడం ఉత్త భ్రమ. దీపం ఆర్పాక, మునిగే గుళికలు రెండుచోట్ల వెయ్యి. ఒకేచోట వేశావో, రొయ్య గుళికని కాళ్ళతో వాటేసుకుని నాచులోకి లాక్కుపోతుంది, కోరీలు ఖాళీ ఇసుక తవ్వుకుంటూ కూర్చుంటాయి. కోరీ పొట్ట లోపలికి పీక్కుపోయిందంటే దానికి మేత అందట్లేదన్నమాట. మిగిలిన గుళిక రెండు గంటలకి తీసెయ్.

నీళ్ళు వారానికి 15 శాతం మార్చు, అంతే. ఒక్కసారే సగం మారిస్తే రొయ్య వేళకానివేళ పెంకు విడవబోయి అందులో ఇరుక్కుంటుంది. మెడ దగ్గర తెల్లటి గీత ఉంగరంలా చుట్టుకుని కనిపిస్తే ఆ రొయ్య దక్కడం కష్టం. విడిచిన డొల్లని చూసి చచ్చిందని కంగారుపడకు, తీసెయ్యకు కూడా. రొయ్యలే దాన్ని తినేస్తాయి.

చేపకి జబ్బు చేస్తే వేరే తొట్టెలోకి మార్చి మందు వెయ్యి. రాగి కలిసిన మందు రొయ్యల పాలిట విషం.

ఇంకా చేపలు కొనలేదన్నావుగా, తొందరపడకు. గుడ్లు మోస్తున్న ఆడరొయ్యలు నాలుగైదు కనబడేదాకా ఆగు.

మీ పెద్దమ్మ