పెద్ద పెద్ద సంస్థలకు వ్యాపార సలహాలిచ్చే (కన్సల్టింగ్) మెకిన్సే కంపెనీని స్థాపించింది నిజంగా ఒక అకౌంటెంటేనా?

అవును. జేమ్స్ మెకిన్సే 1889లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, గామా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చికాగో యూనివర్సిటీలో అకౌంటింగ్ పాఠాలు చెప్పేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం ఆయుధ సరఫరా విభాగంలోనూ పనిచేశాడు.

ఆయన గొప్పతనమంతా లెక్కల్ని చూసిన తీరులో ఉంది. అప్పట్లో లెక్కలంటే జరిగిపోయినవి రాసుకోవడమే. మెకిన్సే వాటిని ముందుకు తిప్పాడు. వచ్చే మూడు నెలల్లో ఎంత అమ్ముతాం? దానికి సరుకు ఎంత తయారు చేయాలి, ముడిసరుకు ఎంత కొనాలి, చేతిలో నగదు ఎంత ఉండాలి? ఇవన్నీ ఒకదానికొకటి ముడిపెట్టి బడ్జెట్ వేయాలన్నాడు. దానిమీద 1922లో పుస్తకమే రాశాడు. అలా బడ్జెట్ వేయాలంటే కంపెనీలో ఎవరి బాధ్యత ఏమిటో తేలాలి కదా! నా దృష్టిలో ఆయన అకౌంటెంట్ నుంచి కన్సల్టెంట్‌గా మారింది సరిగ్గా అక్కడే. 1926లో సొంత సంస్థ పెట్టాడు.

1935లో చికాగోలోని పెద్ద దుకాణాల సంస్థ మార్షల్ ఫీల్డ్ పగ్గాలు పట్టాడు. నష్టాల్లో ఉన్న హోల్‌సేల్ వ్యాపారాన్ని మూయించాడు, ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి. సలహా ఇవ్వడం వేరు, నిర్ణయం తీసుకుని ఆ బరువు మోయడం వేరు. ఆ టెన్షన్ మధ్యే 1937లో న్యుమోనియాతో 48 ఏళ్లకే చనిపోయాడు. తర్వాత సంస్థ రెండుగా చీలింది: చికాగో ఆఫీసు ఆయన భాగస్వామి కియర్నీకి, న్యూయార్క్‌ది మెకిన్సే పేరుతోనే అదే సంస్థలో పనిచేస్తున్న మార్విన్ బోవర్ బృందానికి దక్కాయి.