ఎయిర్‌లైన్స్ పేరు కంటే ముందు, ఎక్కడ దిగి మారాలో చూడండి

మీరు అడిగింది: అరవై దాటిన అమ్మానాన్నలు తెనాలి నుంచి మొదటిసారి డాలస్ వస్తున్నారు. తోడెవరూ లేరు, ఇంగ్లీషు అంతంతమాత్రం. నాన్నగారికి షుగరు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఏ ఎయిర్‌లైన్స్ మంచిది, అన్ని గంటలు ఎలా కూర్చుంటారు అని. నేనుండేది మీ పక్కనే, ఫ్రిస్కోలో. మా అమ్మానాన్నల్నీ, అత్తయ్యా మామయ్యల్నీ వేరువేరు దారుల్లో రప్పించాను కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను.

హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా విమానం లేదు. ఒక్కసారే మారేలా రావాలంటే ముఖ్యంగా నాలుగు దారులు: దుబాయ్ మీదుగా ఎమిరేట్స్, దోహా మీదుగా ఖతార్, లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా. గల్ఫ్ దారిలో మొదటి ముక్క నాలుగు, నాలుగున్నర గంటలు, రెండోది దాదాపు పదహారు గంటలు. యూరప్ దారిలో రెండు ముక్కలూ ఇంచుమించు పదేసి గంటలు. మొత్తం గాల్లో ఉండే సమయంలో పెద్ద తేడా లేదు. ఆ సమయం ఎక్కడ విరుగుతుందన్నదే తేడా.

మా అత్తయ్యకి మోకాళ్లు బాగా నొప్పి. పదహారు గంటలు ఏకబిగిన కూర్చోవడం ఆవిడ వల్ల కాదని లండన్ మీదుగా తెచ్చాం. మధ్యలో దిగి, నడిచి, కాస్త వేడిగా ఏదైనా తాగి మళ్లీ ఎక్కడం ఆవిడకి బాగా పనికొచ్చింది. కానీ మామయ్యకి ఇంగ్లీషు వచ్చు, బోర్డులు చదువుకోగలరు. లండన్ హీత్రూ ఎయిర్‌పోర్టులో మారేటప్పుడు మళ్లీ సెక్యూరిటీ చెక్ ఉంటుంది, బ్యాగులు విప్పమంటారు, గబగబా మాట్లాడతారు. కంగారుపడే మనుషులకి అది కష్టం. మా అమ్మానాన్నలు మొదటిసారి దోహా మీదుగానే వచ్చారు. అక్కడ అంతా ఒకే టెర్మినల్. పైగా డాలస్ గేటు దగ్గరికి వెళ్లేసరికి మనలాంటివాళ్ల అమ్మానాన్నలే బోలెడుమంది కనిపిస్తారు. "మీదే ఊరండీ?" అంటూ మాట కలిసిందంటే సగం టెన్షన్ పోయినట్టే.

మీ పరిస్థితికి నా ఓటు దోహాకి. దుబాయ్ కూడా బాగానే ఉంటుంది కానీ ఆ మూడో టెర్మినల్లో గేట్లు ఏ, బీ, సీ అని విడివిడి భాగాల్లో ఉంటాయి, ఒక్కోసారి లోపలి రైలెక్కి వెళ్లాలి. అమ్మగారి మోకాళ్ల కోసం ఆ పదహారు గంటల ముక్కని ఎలా నెట్టుకురావాలో కింద చెప్తాను. యూరప్ దారి రెండోసారి వచ్చేటప్పుడు ఆలోచించండి. ఎప్పుడైనా అటు బుక్ చేస్తే ఒక్క విషయం గుర్తుంచుకోండి: ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి మ్యూనిక్ వెళ్లి అక్కడ అమెరికా విమానం ఎక్కడం లాంటి టికెట్లు చవగ్గా కనిపిస్తాయి. అలా రెండు షెంగెన్ ఊళ్ల (ఒకే ఉమ్మడి వీసా నడిచే యూరప్ దేశాల ఊళ్ల) మధ్య ఎగరాలంటే షెంగెన్ వీసా కావాలి. చేతిలో అమెరికా వీసా ఉన్నా సరిపోదు.

గల్ఫ్ దారికి ఉన్న చిక్కు కూడా చెప్పాలి. అక్కడ గొడవలు ముదిరితే ఆకాశం మూసేస్తారు. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలు మూసేస్తే ఎన్నో విమానాలు దారి మళ్లాయి. అందుకని బుక్ చేసే ముందు ఆ వారం వార్తలు చూసుకోండి. రాకపోకలు మొత్తం ఒకే టికెట్టు మీద ఉండేలా చూడండి. ఒకే టికెట్టయితే విమానం తప్పినా, రద్దయినా మరో దాంట్లో పంపే పూచీ వాళ్లది. మా బంధువులకి ఒక ఏజెంటు వేరువేరు టికెట్లు రెండు కలిపి తక్కువకి ఇచ్చాడు. మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోయింది, రెండో కంపెనీ మాకు సంబంధం లేదంది. ఆదా అయిన డబ్బుకి రెండింతలు వదిలింది.

అమ్మానాన్నల టికెట్టు ఎయిర్‌లైన్స్ వెబ్‌సైట్‌లోనే కొనండి, యాభై డాలర్లు ఎక్కువైనా సరే. వాళ్ల తిరుగు ప్రయాణం తేదీ మారకుండా ఉండదు. ఊళ్లో ఎవరిదో పెళ్లంటారు, లేదా మనవడిని వదిలి వెళ్లలేమంటారు. ఏజెంటు దగ్గర కొంటే ప్రతి మార్పుకీ అతని చుట్టూ తిరగాలి. అందుకే ధర చూసేటప్పుడు పక్కనే డేట్ ఛేంజ్ ఫీజు ఎంతో, ఒక్కొక్కరికి రెండు 23 కిలోల పెట్టెలు వస్తాయో లేదో చూడండి. అన్నిటికంటే చవకైన టికెట్టులో కొన్నిసార్లు ఒక్క పెట్టే ఇస్తారు. ఇంకోటి, ప్రయాణానికి వారం, అంతకంటే ముందు అమెరికా వెబ్‌సైట్‌లో ఎయిర్‌లైన్స్ దగ్గరే నేరుగా కొంటే 24 గంటల్లోపు రద్దు చేసుకుని పూర్తి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ధర బాగుంటే ముందు కొనేసి, రాత్రి ఇంట్లో మాట్లాడుకోండి.

మధ్యలో ఆగే సమయం రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉండాలి. గంటన్నర అయితే వాళ్లకీ మీకూ బీపీ పెరుగుతుంది. ఏడెనిమిది గంటలైతే ఆ ఇనుప కుర్చీల్లో నడుం పడిపోతుంది.

ఇప్పుడు సీటు సంగతి. పెద్దవాళ్ల సౌకర్యంలో ముప్పావు వంతు ఇదేనని నా నమ్మకం, దీనికి డబ్బు కట్టాల్సొస్తే కట్టండి. ఇద్దరికీ ఐల్ సీట్లు తీసుకోండి, నడవాకి అటొకటి ఇటొకటి. కిటికీ పక్కన కూర్చుంటే బయటికి చూడొచ్చని నాన్నగారు సరదా పడొచ్చు, ఆ సరదా మొదటి నాలుగు గంటల విమానంలో తీర్చండి. ఎందుకంటే మనవాళ్లకి పక్కవాళ్లని లేపాలంటే మొహమాటం. లేపాల్సొస్తుందని బాత్రూమ్‌కి వెళ్లరు. వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగరు. విమానంలో గాలిలో తేమ 20 శాతం కంటే తక్కువ ఉంటుంది, అందులో నీళ్లు తాగకుండా కదలకుండా కూర్చుంటే తలనొప్పి, కాళ్ల వాపు, నీరసం అన్నీ వస్తాయి. ఐల్ సీటు ఇస్తే ఈ చిక్కుల్లో సగం మొదలే కావు.

విమానం రకం కూడా బుకింగ్ పేజీలో కనిపిస్తుంది. బోయింగ్ 777లో ఎక్కువ కంపెనీలు వరుసకి పది సీట్లు వేస్తాయి, ఇరుకు. ఎయిర్‌బస్ ఏ350, బోయింగ్ 787లలో వరుసకి తొమ్మిది. పైగా ఈ రెండింట్లో లోపలి గాలి పీడనం 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు, పాతవాటిలో అది 8,000 అడుగుల దాకా వెళ్తుంది. దిగాక ఒళ్లు బరువుగా అనిపించడంలో ఆ తేడా తెలుస్తుంది. ఒకే ధరకి రెండు తేదీలుంటే ఏ350 ఉన్న తేదీ ఎంచుకోండి. అన్నిటికంటే ముందుండే గోడ ఎదుటి వరుస కాళ్లు చాపుకోవడానికి బాగుంటుందని చెప్తారు. నిజమే, కానీ పసిపిల్లల ఉయ్యాలలు పెట్టేది అక్కడే, చెయ్యి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్ కూడా పైకి లేవదు. నేనైతే తీసుకోను.

కాళ్ల సంగతి తేలిగ్గా తీసుకోకండి. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అప్పటికీ అది సుమారు ఆరు వేల మందిలో ఒకరికి వచ్చేదే, భయపడక్కర్లేదు. గంట గంటన్నరకోసారి లేచి వెనక వంటగది దాకా నడిచి రమ్మనండి. కూర్చునే పాదాలు పైకీ కిందకీ ఆడించమనండి. మోకాలి కిందిదాకా వచ్చే బిగుతు సాక్సులు అమ్మగారికి వేయించొచ్చా అని ఊళ్లో డాక్టర్‌ని అడగండి, కాళ్లలో రక్తప్రసరణ సరిగా లేని షుగరు పేషెంట్లకి అవి పడకపోవచ్చు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మాత్రం వేసుకోనివ్వకండి. పాదాలు ఉబ్బుతాయి కాబట్టి వదులు చెప్పులు, అమ్మగారి ఉంగరాలూ మెట్టెలూ బిగుతుగా ఉంటే ముందే తీయించండి. మెడ దిండ్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, శాలువా చుట్టి నడుం వెనక పెట్టుకుంటే ఎక్కువ సుఖం.

మందులన్నీ చీటీతో సహా హ్యాండ్ లగేజీలోనే. ఇన్సులిన్ వాడుతుంటే చెకిన్ పెట్టెలో అసలు పెట్టొద్దు, కింద చలికి గడ్డకట్టి పాడవుతుంది. డాలస్ సమయం మనకంటే వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అంటే పగలూ రాత్రీ తారుమారు. ఏ మాత్ర ఎప్పుడో డాక్టర్ చేత ఒక కాగితం మీద రాయించుకోండి. గడియారం చూసి కాకుండా "మొదటి విమానంలో భోజనం ముందు" అన్నట్టు రాయిస్తే వాళ్లకి తేలిక.

భోజనానికి ఏషియన్ వెజిటేరియన్ మీల్ అని టికెట్టులోనే పెట్టండి. మామూలు ట్రాలీ కంటే ముందే తెచ్చిస్తారు కూడా. విమానం సమయం మారితే ఈ కోరిక ఒక్కోసారి చెరిగిపోతుంది, అందుకే మూడు రోజుల ముందు మళ్లీ చూసుకోండి. ఉప్పూ కారం ఉండవు, మా నాన్న భాషలో "ఆసుపత్రి కూడు". చేతి సంచిలో చపాతీలు, పులిహోర పొట్లం, కంది పొడి పెడితే చాలు. హ్యాండ్ లగేజీలో ఆవకాయ సీసా పెడితే సెక్యూరిటీ దగ్గరే పోతుంది, అది చెకిన్‌లోకి.

పెట్టెలు సర్దేటప్పుడు మీరు వీడియో కాల్‌లో కూర్చోండి. గసగసాలు యూఏఈలో నిషేధం, దొరికితే జైలు దాకా వెళ్లిన సందర్భాలున్నాయి. గల్ఫ్ మీదుగా వచ్చేవాళ్లు ఒక్క చెంచా కూడా పెట్టకూడదు, గసగసాలు కలిపి దంచిన మసాలా పొడి కూడా వద్దు. ఎండుకొబ్బరిని నిప్పంటుకునే వస్తువుగా చూస్తారు, దాన్నీ మానుకోండి. పచ్చి కరివేపాకు, పళ్లు, మాంసం పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు. మిగతా తినుబండారాలు ఏవున్నా కస్టమ్స్‌లో ఉన్నాయని చెప్పేయమనండి. చెప్తే మహా అయితే తీసి పారేస్తారు, దాచి దొరికితే జరిమానా. పవర్ బ్యాంకు హ్యాండ్ లగేజీలోనే ఉండాలి.

వీల్‌చైర్ గురించి మనవాళ్లలో పెద్ద చర్చే ఉంది. ఒళ్లు బాగున్నవాళ్లు కేవలం దారి చూపిస్తారని తీసుకోవడం నాకు నచ్చదు, నిజంగా అవసరమైనవాళ్లు గంటలు గంటలు ఎదురు చూస్తున్నారు. అమ్మగారి మోకాళ్లు నిజంగా నొప్పి కాబట్టి ఆవిడకి మొహమాటం లేకుండా పెట్టించండి, ఉచితమే. నాన్నగారు పక్కన నడుస్తారు. ఇద్దరూ విడిపోకూడదని మాత్రం గట్టిగా చెప్పండి. ఒకవేళ విడిపోయినా దోహాలో అందరికీ తెలిసిన గుర్తు ఒకటుంది, మధ్య హాల్లో పెద్ద పసుపు రంగు టెడ్డీబేర్. "తప్పిపోతే ఎలుగుబంటి దగ్గర నిలబడండి" అని మేం చెప్పి పంపాం.

ఎవరూ రాయని విషయం ఒకటి, బాత్రూమ్. తలుపు మధ్యలో నెడితే లోపలికి మడుచుకుంటుంది, గడియ పెడితేనే లైటు పూర్తిగా వెలుగుతుంది, ఫ్లష్ చప్పుడు భయంకరంగా ఉంటుంది. మగ్గు ఉండదు. ఒక ఖాళీ చిన్న సీసా, తడి టిష్యూలు చేతి సంచిలో పెట్టండి. ఇది ముందే చెప్తే వాళ్లు నీళ్లు తాగడానికి జంకరు.

తెనాలి నుంచి శంషాబాద్ కారు ప్రయాణాన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఆరు గంటలు కార్లో కుదిపి, అర్ధరాత్రి లైన్లో నిలబెట్టి, ఆపైన విమానం ఎక్కిస్తే ఎవరైనా డీలా పడతారు. ముందురోజే హైదరాబాద్ రప్పించి బంధువుల ఇంట్లో పడుకోబెట్టండి.

డాలస్‌లో దిగేది టెర్మినల్ డీలో. ఇమిగ్రేషన్ దగ్గర అడిగేవి ఎందుకొచ్చారు, ఎవరింటికి, ఎన్నాళ్లుంటారు అన్నవే. మీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు ఇంగ్లీషులో రాసిన కాగితం ఇద్దరి దగ్గరా చెరొకటి ఉంచండి. మాట అర్థం కాకపోతే "తెలుగు" అని ఒక్క ముక్క అనమనండి, ఫోన్లో అనువదించేవాళ్లని కలుపుతారు. పెట్టెలు తీసుకుని బయటికి రావడానికి రెండు గంటలు పట్టినా పట్టొచ్చు, వీల్‌చైర్ ఉంటే ఇంకాస్త. ఫోన్ కలవలేదని హడావిడి పడకండి, వాళ్లకి అక్కడి వైఫై పెట్టుకోవడం రాదు. మీరే అరైవల్స్ తలుపు ఎదురుగా నిలబడండి.