ఆ సినిమాని మోసేది టూకోనే

1966 నాటి కౌబాయ్ సినిమా 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'ని జనం ఇప్పటికీ ఎందుకు చూస్తున్నారని కదా ప్రశ్న. ఎవరిని అడిగినా క్లింట్ ఈస్ట్‌వుడ్ చుట్ట, ఆ చూపు అంటారు. నేనొప్పుకోను. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్నది ఈలై వాలాక్ వేసిన బందిపోటు టూకో.

మా మేనమామ బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఇంగ్లీషు సినిమాలంటే ఆయనకు పడదు. ఒక ఆదివారం నేను ఇది చూస్తుంటే, భోంచేసి వచ్చి పక్కన వాలాడు. ఇంకేముంది, గురక మొదలవుతుందనుకున్నా. ఈలోగా తుపాకుల కొట్టు సీన్ వచ్చింది. ఎడారిలో మాడిపోయి వచ్చిన టూకో అక్కడున్న రివాల్వర్లు విప్పి, ఒకదాని గొట్టం, ఇంకోదాని సిలిండర్ ఏరుకుని, సిలిండర్‌ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతూ వింటాడు. మామయ్య లేచి కూర్చున్నాడు. "వెనక్కి పెట్టరా" అన్నాడు. మళ్లీ చూసి, "వీడు పనోడే. బేరింగ్ పోయిందో లేదో మేమూ ఇలాగే చెవితో పట్టేస్తాం" అన్నాడు. వాలాక్‌కి తుపాకుల సంగతి పెద్దగా తెలీదు, అదంతా అప్పటికప్పుడు తోచినట్టు చేశాడట అంటే అస్సలు నమ్మలేదు. చివరికి టూకో ఆ తుపాకీతోనే కొట్టు ముసలాయన్ని దోచేస్తుంటే మామయ్య నవ్విన నవ్వుకి వంటింట్లోంచి అత్త పరిగెత్తుకొచ్చింది.

పాతిపెట్టిన బంగారం కోసం కొట్టుకునే ముగ్గురిలో మిగతా ఇద్దరికీ ఇల్లూ వాకిలీ ఉన్నాయో లేదో కూడా మనకు తెలీదు. టూకోకి మాత్రం ఛీకొట్టే తోడబుట్టినవాడున్నాడు, మఠంలో ఫాదర్. వాడితో కొట్టుకుని బయటికొచ్చి, మావాడికి నేనంటే ప్రాణం అని బండిలో కోతలు కోస్తాడు. సంగీతం చేసిన మారికోనికీ ఈ తేడా తెలుసు. కూతలా వినిపించే ఒకే బాణీకి మిగతా ఇద్దరికీ వాయిద్యాలిచ్చి, టూకోకి మనుషుల గొంతులిచ్చాడు. 1971లో కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు'లో కూడా నాకు నాగభూషణం వేషంలో టూకోనే కనిపిస్తాడు.

ఒళ్లు మండేది ఎక్కడంటే, సమాధుల మధ్య ముగ్గురూ ఒకరినొకరు చూసుకునే ఆ నిమిషాలని ముక్కలు చేసి రీల్స్‌లో పెడుతున్నారు. షూటింగ్ కోసం స్పెయిన్ సైనికులు అక్కడి బుర్గోస్ దగ్గర వేల ఉత్తుత్తి సమాధులు పేర్చింది ఇందుకా? డైరెక్టర్ సెర్జియో లియోనే సాగదీశాడంటే టెన్షన్ కోసం సాగదీశాడు, మీరెవరు కత్తిరించడానికి?

చూస్తే మొత్తం చూడండి. మొదట దాదాపు పది నిమిషాలు ఎవరూ నోరు విప్పరు, కట్టేయకండి. కిటికీ బద్దలుకొట్టుకుని, ఒక చేతిలో తుపాకీ, ఇంకో చేతిలో మాంసం ముక్కతో దూకేవాడే టూకో.