ఒకే రెజ్యూమే వంద చోట్లకు పంపితే ఫోన్ రాదు

"బీటెక్ అయ్యాక బెంగళూరు వచ్చేశానన్నా. మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటున్నా. నౌక్రీ జాబ్ సైట్‌లో రోజూ అప్లై చేస్తున్నా, ఒక్క కాల్ కూడా రావట్లేదు." ఊళ్ళనుంచి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలన్న టెన్షన్ ఒకపక్క, నెల తిరిగేసరికి కట్టాల్సిన పీజీ డబ్బులు ఇంకోపక్క. నేనిక్కడే స్థిరపడ్డాను, మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు రెజ్యూమేలు చదువుతుంటాను. అందుకని అవతల కూర్చున్నవాళ్ళకి ఏం కనబడుతుందో చెబుతాను.

మనవాళ్ళ రెజ్యూమేలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. పైన నాలుగు లైన్ల కెరీర్ ఆబ్జెక్టివ్, మధ్యలో జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్ అని వరసగా పేర్లు, చివర్లో తండ్రి పేరు, పెళ్ళయిందో లేదో, ఆ కింద డిక్లరేషన్, సంతకం. సీనియర్ ఇచ్చిన ఫైల్లో పేరు మార్చి పంపేస్తారు. ఆబ్జెక్టివూ, తండ్రి పేరూ, డిక్లరేషనూ నిస్సంకోచంగా తీసేయండి. ఆ చోటంతా మీరు చేసిన పనికి కావాలి.

పని రాయడంలోనే అసలు తేడా ఉంది. మొన్న ఒకబ్బాయి రెజ్యూమేలో ప్రాజెక్ట్ కింద 'ఆన్‌లైన్ బ్లడ్ బ్యాంక్ సిస్టమ్, జావా, మైఎస్‌క్యూఎల్' అని మాత్రమే ఉంది. అందులో నువ్వేం చేశావని అడిగాను. "నలుగురం చేశామన్నా, సెర్చ్ భాగం నాది. దాతల లిస్టు పెరిగేకొద్దీ సెర్చ్ నెమ్మదించింది. బ్లడ్ గ్రూపు, పిన్‌కోడ్ కాలమ్స్ మీద ఇండెక్స్ పెట్టాను, అంటే పుస్తకం చివర విషయసూచిక లాంటిది, దాంతో ఫలితాలు వెంటనే రావడం మొదలైంది" అన్నాడు. ఎంత మంచి మాట! ఇంటర్వ్యూ చేసేవాడు వినాలనుకునేది సరిగ్గా ఇదే, కానీ రెజ్యూమేలో దాని జాడే లేదు. టీమ్‌లో ఎంతమంది, మీ వంతు ఏది, ఏ చిక్కు వచ్చింది, ఏం చేస్తే తీరింది, ఇవి రెండు లైన్లలో రాయండి. ముందు ఎన్ని సెకన్లు పట్టేదో, తర్వాత ఎన్ని పట్టిందో కొలిచి ఉంటే అదీ రాయండి. కొలవకపోతే అంకెలు కల్పించొద్దు, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇక జాబ్ ప్రకటన ఆసాంతం చదవండి. వాళ్ళు ఏపీఐలు (ఒక ప్రోగ్రామ్ ఇంకోదానితో మాట్లాడే దారులు), ఎస్‌క్యూఎల్ అడిగితే ఈ సెర్చ్ కథ పైకి రావాలి. టెస్టింగ్ ఉద్యోగమైతే మీరు రాసిన టెస్ట్ కేసులు, పట్టుకున్న బగ్గులు పైకి రావాలి. రోజుకి యాభై చోట్ల క్లిక్ చేసేకన్నా ఇలా సరిచేసి ఐదింటికి పంపడం మేలని నా గట్టి నమ్మకం.

చాలా కంపెనీల్లో రెజ్యూమేని ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది. రెండు కాలమ్స్, టేబుల్స్, బొమ్మలున్న టెంప్లేట్లయితే వరస తప్పి చదివే ప్రమాదం ఉంది. మీ పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ గజిబిజిగా వస్తే వేరే టెంప్లేట్ చూసుకోండి.

మన తెలుగువాళ్ళకి పేరుతో ఇంకో తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాన్‌లో చివరుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. ఆఫర్ వచ్చాక పరుగులు పెట్టేకంటే, ఖాళీగా ఉన్న ఇప్పుడే అన్నీ ఒకేలా ఉండేట్టు సరిచేయించుకోండి.

రిఫరల్, అంటే కంపెనీలో పనిచేసేవాళ్ళు మీ పేరు సిఫారసు చేయడం, అడగడానికి మొహమాటపడొద్దు. అయితే "అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి" అని మెసేజ్ పెడితే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ కంపెనీ సైట్‌లో ఉద్యోగం వెతికి, దాని జాబ్ ఐడీ, దానికి మీరెందుకు సరిపోతారో రెండు లైన్లు, రెజ్యూమే, మూడూ కలిపి పంపండి. అవతలివాళ్ళకి పని తేలికవుతుంది.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ గురించి చెప్పకుండా ఉండలేను. డబ్బులిస్తే రెండు మూడేళ్ళ అనుభవం పెట్టిస్తామనే కన్సల్టెన్సీలు మీకు తప్పకుండా తగులుతాయి. దయచేసి వెళ్ళకండి. పీఎఫ్ ఖాతాకి యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) అని 12 అంకెల నంబరు ఉంటుంది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో కనబడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అదీ అడుగుతారు, జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంటూ అడుగుతారు. చేరాక బయటపడినా ఉద్యోగం పోతుంది, ఇంట్లో అప్పుచేసి కట్టిన డబ్బూ పోతుంది. చదువయ్యాక ఏడాది గ్యాప్ ఉంటే ఉన్నట్టే రాయండి. ఆ ఏడాదిలో నేర్చుకున్నదేంటో, చేసిన చిన్న ప్రాజెక్ట్ ఏంటో దాని పక్కనే పెట్టి, కోడ్‌ని అందరూ చూసేలా పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో ఉంచి లింక్ ఇవ్వండి. నేనైతే ముందు ఆ లింకే తెరిచి చూస్తాను.