ఫంక్షన్ హాల్లో మాటలు ఎందుకు అర్థం కావు?

చెవి పరీక్షలో అంతా నార్మల్ అన్నారు, అయినా పెళ్లిళ్లలో పక్కవాళ్ల మాట అర్థం కావట్లేదు, ఎందుకని అడిగారు. నేను డాక్టర్ని కాను. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి నా ఎడమ చెవి పూర్తిగా పోయింది కాబట్టి ఈ అవస్థ నాకు బాగా తెలుసు.

ఆ పరీక్ష నిశ్శబ్దంగా ఉండే గదిలో చేస్తారు. హెడ్‌ఫోన్ పెట్టి, కూత వినపడితే బటన్ నొక్కమంటారు. అందులో నా కుడి చెవి కూడా ఫస్ట్ క్లాసే. కానీ ఫంక్షన్ హాల్లో సన్నాయి, మైకు, కుర్చీలు లాగే చప్పుడు, వందమంది కబుర్లు అన్నీ కలగాపులగంగా చెవిలో పడతాయి. అందులోంచి ఎవరి గొంతు వాళ్లది విడదీయాల్సింది మెదడు. కుడి పక్క నుంచి వచ్చే మాట ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త తగ్గి అందుతుంది. ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అయినా దాన్ని పట్టుకునే మెదడు దిక్కు తేల్చుకుని, గొంతులను విడదీస్తుంది. నాకు ఆ వసతి లేదు. వీధిలో ఎవరైనా పిలిస్తే నాలుగు దిక్కులూ చూస్తాను. నా పరిస్థితి తెలియాలంటే ఏదైనా ఫంక్షన్‌లో పక్కవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి ఇంటికెళ్లి వినండి. అక్కడ సుబ్బరంగా అర్థమైనవి కూడా గోలలో కలిసిపోయి ఉంటాయి.

దీని మీద 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒకదాన్ని పైకి చెప్పమన్నారు. రెండో చెవిలో గొంతు మగదా ఆడదా అన్నది తెలిసింది కానీ, విషయం ఏమిటో దాదాపు ఎవరూ చెప్పలేకపోయారు. పరిచయమున్న గొంతైతే పని తేలిక. కెనడాలో ఇంగ్రిడ్ జాన్స్‌రూడ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, గోలలో కూడా జీవిత భాగస్వామి మాట బాగా అర్థమైంది. నడివయసు వాళ్లు ఆ గొంతును పక్కనపెట్టి కొత్తవాళ్ల మాట వినడంలోనూ దిట్టలేనట! మా ఆవిడకు ఈ రెండో ముక్క చెప్పలేదు.

నేనైతే పంక్తిలో ఎడమ చివర కూర్చుంటాను, అందరూ కుడి పక్కకే వస్తారు. స్పీకర్ ఎడమ వైపు ఉండేలా చూసుకుంటాను. మాట్లాడేవాళ్ల ముఖం కనిపించాలి, పెదవుల కదలిక సగం పని చేసిపెడుతుంది. మాస్కుల రోజుల్లో నరకం చూశాను.

మీరు మళ్లీ ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షలు చేసే నిపుణులు) దగ్గరికి వెళ్తే, గోల మధ్యలో మాటలు వినిపించి చేసే పరీక్ష కావాలని అడగండి. అన్నిచోట్లా ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.