ఓసీఐ కార్డు ఉంటే ఓటు ఉన్నట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి పదిహేనేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాడు. రెండేళ్ళ క్రితం అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఆ తరువాత ఓసీఐ కార్డు కూడా వచ్చింది. మా ఊరి ఓటర్ల జాబితాలో అతని పేరు ఇప్పటికీ ఉంది, ఎన్నికలప్పుడు స్లిప్పు ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. వచ్చే ఎన్నికలకు ఇక్కడే ఉంటే ఓటు వేయవచ్చునా? మాకున్న రెండెకరాల మాగాణిని కూడా అతని పేర రాయాలనుకుంటున్నాము. అందుకు అభ్యంతరం ఏమైనా ఉందా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి ఓటు వేయకూడదు. 1955 నాటి పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, భారత పౌరుడు తన ఇష్టంతో మరో దేశపు పౌరసత్వం స్వీకరించిన క్షణానే ఇక్కడి పౌరసత్వం దానంతట అదే పోతుంది. దానికి ప్రభుత్వం నోటీసు ఇవ్వనక్కరలేదు, ఉత్తర్వు వెలువడనక్కరలేదు. మీ ఇంట్లోనే అందుకు సాక్ష్యం ఉండి ఉండాలి: ఓసీఐకి దరఖాస్తు చేసే ముందు అతను తన భారత పాస్‌పోర్టును అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకునే ఉంటాడు, రద్దయినట్టు ముద్ర వేసిన ఆ పాత పుస్తకం ఏ బీరువాలోనో ఉంటుంది.

ఈ గందరగోళానికి సగం కారణం ఆ కార్డు పేరే. ఓసీఐ అంటే ‘ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా’. చూడటానికి పాస్‌పోర్టు పుస్తకంలాగే ఉండి, అట్ట మీద మూడు సింహాల చిహ్నంతో, పేరులో ‘సిటిజన్’ అన్న మాటతో చేతికి వచ్చే పుస్తకాన్ని చూసి రెండు దేశాల పౌరసత్వమూ దక్కిందని ఎవరైనా అనుకుంటే తప్పు పట్టలేము. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే తొలి కార్డులు అందజేశారు. ద్వంద్వ పౌరసత్వం వచ్చేసిందన్న మాట కూడా అప్పటినుంచే మన ఇళ్ళలో తిరుగుతోంది. నిజానికి అది జీవితకాలపు వీసా, దానితోపాటు కొన్ని సదుపాయాలు, అంతే. ఓటరుగా నమోదు కావడం, శాసనసభకో పార్లమెంటుకో పోటీ చేయడం ఆ సదుపాయాలలో చేరవని పౌరసత్వ చట్టంలోని 7బి సెక్షన్ విడమరచి చెబుతోంది.

మరి జాబితాలో పేరు ఉంది కదా అంటారు. పౌరుడు కానివాడు ఓటరుగా ఉండటానికి అనర్హుడని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 16వ సెక్షన్, జాబితాలో పేరున్నా అలాంటి అనర్హత గలవాడు ఓటు వేయరాదని 1951 నాటి చట్టం 62వ సెక్షన్ చెబుతున్నాయి. స్లిప్పు రావడమంటే పేరు ఇంకా ఎవరూ తీసివేయలేదనే తప్ప హక్కు మిగిలి ఉందని కాదు. అదే నియోజకవర్గపు ఓటరుగా మీరే పేరు తొలగింపు కోరే ఫారం 7 నింపి, అందులో ‘భారత పౌరుడు కాదు’ అన్న కారణాన్ని గుర్తించి, మీ బూత్ స్థాయి అధికారికి ఇవ్వవచ్చు.

అమెరికాలో గ్రీన్‌కార్డు మీదో, ఉద్యోగ వీసా మీదో ఉంటూ భారత పాస్‌పోర్టు కలిగినవారి సంగతి వేరు. వారు పౌరులే. 2010లో తెచ్చిన సవరణ వల్ల ఫారం 6ఎ ద్వారా సొంత ఊరిలో నమోదు చేసుకోవచ్చు. అయితే ఓటు వేయడానికి అసలు పాస్‌పోర్టుతో స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాలి.

ఇక మాగాణి. ఓసీఐ కార్డుదారు ఇల్లు, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు, బహుమతిగానూ పొందవచ్చు. వ్యవసాయ భూమిని, తోటలను, ఫామ్‌హౌస్‌లను మాత్రం కొనడానికీ, దానంగా పుచ్చుకోవడానికీ విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం కింది నియమాలు ఒప్పుకోవు. కనుక మీరు ఇప్పుడు దాన సెటిల్‌మెంటు రాయడం కుదరదు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పౌరసత్వం సంగతి ఎవరూ అడగక దస్తావేజు రిజిస్టరైపోయినా లోపం లోపంగానే ఉంటుంది, అమ్మబోయే రోజున బయటపడుతుంది. వారసత్వంగా సంక్రమించడానికి మాత్రం అడ్డు లేదు. వీలునామా రాసి రిజిస్టరు చేయించడం మీకు మేలైన దారి. ముసాయిదాను మీ న్యాయవాదికి చూపించండి. తరువాత అమ్మదలిస్తే భారతదేశంలో నివసించేవారికే అమ్మాలి.

మీరు అడగకపోయినా మరొక మాట. అతను ఎప్పుడైనా తిరిగి భారత పౌరుడు కావాలనుకుంటే, ఓసీఐగా నమోదై అయిదేళ్ళు నిండాక, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివసించి, విదేశీ పౌరసత్వం వదులుకోవలసి ఉంటుంది. ఆ పన్నెండు నెలలను తేలికగా తీసుకోరాదు. జర్మనీ పౌరసత్వం తీసుకుని తిరిగి భారత పౌరుడై, వేములవాడ నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన చెన్నమనేని రమేశ్ పౌరసత్వాన్ని కేంద్ర హోంశాఖ 2019లో రద్దు చేసింది ఈ నివాస నిబంధన మీదనే. దరఖాస్తుకు ముందు ఏడాది ఆయన ఇక్కడ నివసించలేదని, ఆ విషయం దాచారని తేల్చింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. ఆయన చేతిలో పౌరసత్వ ధ్రువపత్రం ఉంది, ఎన్నికలలో గెలిచిన రికార్డూ ఉంది. కోర్టు చూసింది మాత్రం ఆ పన్నెండు నెలలనే.