లైబ్రరీ సైన్స్ చదివితే లైబ్రరీ పని వస్తుందా?

"యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో లైబ్రరీ సైన్స్ చేరితే నిజంగా పని నేర్పుతారా, ఇప్పుడంతా సాఫ్ట్‌వేరే కదా?" అని అడిగారు. నేను ఆ కోర్సు చదివి, చాలా ఏళ్లుగా కౌంటర్ దగ్గరే పనిచేస్తున్నాను. క్లాసిఫికేషన్ (పుస్తకాలని విషయాలవారీగా విభజించడం), కేటలాగింగ్ (వాటి వివరాలు నమోదు చేయడం) బాగానే నేర్పుతారు. ఎదుటి మనిషిని ప్రశ్న అడగడం మాత్రం నేర్పరు. ఈ ఉద్యోగంలో సగం పని అదే.

ఇంటర్న్‌షిప్‌లో మూడో రోజు. ఒక పెద్దాయన వచ్చి "నీళ్ల గురించి పుస్తకాలున్నాయా?" అన్నారు. డ్యూయీ నంబర్లు, అంటే పుస్తకాలకి విషయాన్ని బట్టి ఇచ్చే నంబర్లు, నాకు కంఠతా వచ్చు. నేరుగా 551.48, అంటే జలశాస్త్రం ర్యాక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రెండు పుస్తకాలు తిరగేసి, జాగ్రత్తగా మళ్లీ అక్కడే పెట్టి, గుమ్మం వైపు నడిచారు. నా పని అయిపోయిందనుకున్నాను.

కౌంటర్‌లో ఉన్న సీనియర్ మేడం లేచి వెళ్లి, "ఏమండీ, ఒక్క నిమిషం. నీళ్లతో మీకేం పని పడిందండీ?" అని అడిగారు. అప్పుడు చెప్పారాయన. "చేపల చెరువమ్మా. నీళ్లు పచ్చగా అయిపోయాయి. తెల్లారగట్ల చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి."

ఆయనకి కావలసింది 639.3, చేపల పెంపకం. మేడం పుస్తకం తీసి, ముందు పేజీలు చూడకుండా నేరుగా వెనక ఇండెక్స్ తెరిచి, 'ఆక్సిజన్' మీద వేలు పెట్టారు. నాచు పెరిగిపోతే రాత్రి ఎండ లేక, నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ను అదే వాడేసుకుంటుంది, అందుకే తెల్లారేసరికి చేపలకి ఊపిరాడదు అని అందులో ఉంది. ఆయన అక్కడే నిలబడి ఆ పేజీ రెండుసార్లు చదువుకున్నారు. నాకైతే కళ్లు చెమర్చాయి.

పాఠకుడికి కావలసింది వెతికిపెట్టే పని, అంటే రిఫరెన్స్ సర్వీస్ పేపర్‌లో నాకు మంచి మార్కులే వచ్చాయి. అడిగింది ఒకటి, కావలసింది ఇంకొకటి అని అందులో రాశాను కూడా. కానీ ఒక్కసారైనా క్లాసులో ఒకరిని పాఠకుడిగా కూర్చోబెట్టి మాతో మాట్లాడించలేదు. మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో పాఠకుడి సమయం కాపాడు అన్నది నాలుగోది. మేము దాన్ని అయిదు మార్కుల ప్రశ్నగానే చదివాం.

సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. పుస్తకం వివరాలు కంప్యూటర్‌లో నమోదు చేసే మార్క్ (MARC) పద్ధతిలో 100 రచయిత, 245 శీర్షిక, 650 విషయం అని బట్టీ పట్టించారు. లైబ్రరీ నడిపే సాఫ్ట్‌వేర్ కోహా ఉచితంగా దొరుకుతుంది, 2000 నుంచీ వాడుకలో ఉంది. అయినా మాకు బోర్డు మీద స్క్రీన్ బొమ్మలు చూపించి సరిపెట్టారు. మీరు మీ కంప్యూటర్‌లో వేసుకుని, ఇంట్లో ఉన్న యాభై పుస్తకాలు ఎక్కించి చూడండి. ఒక సెమిస్టర్‌లో వచ్చేదానికంటే ఎక్కువ వస్తుంది. ఇంకో బాధ ఏమిటంటే, మాకు పాఠం చెప్పినవాళ్లలో చాలామంది కౌంటర్ వెనక కూర్చోవడం మానేసి ఏళ్లు గడిచిపోయాయి. డాక్టర్ చదువులో రోగిని చూడని ప్రొఫెసర్‌ని ఒప్పుకుంటామా?

చేరేముందు సిలబస్ చూడకండి, అన్ని చోట్లా దాదాపు ఒకటే. ఆఖరి సెమిస్టర్ వాళ్లని పట్టుకుని, ఇంటర్న్‌షిప్‌లో కౌంటర్‌లో ఎన్ని రోజులు కూర్చోబెట్టారో అడగండి. లేబుళ్లు అంటించాం, స్టాక్ లెక్కపెట్టాం అని మాత్రమే చెబితే ఇంకో డిపార్ట్‌మెంట్ చూసుకోండి.